ఐసీయూ నోటులో నిమిషాలు రాయకపోతే డబ్బు రాదు

తమ్ముడూ, ఫెలోషిప్ ముగించి అమెరికాలో మొదటి ఉద్యోగంలో చేరుతున్నావు, శుభం. క్రిటికల్ కేర్ (ప్రాణాపాయంలో ఉన్న రోగికి చేసే చికిత్స) బిల్లుకు, రోగి రికార్డులో డాక్టర్ రాసే నోటులో ఏం రాయాలని అడిగావు. మీ తరానికి అడిగితే చెప్పేవాళ్లున్నారు. నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

చేరిన కొత్తలో సెప్టిక్ షాక్‌తో వచ్చిన ఒక పెద్దాయన దగ్గర రాత్రంతా ఉన్నాను. వెంటిలేటర్ గొట్టం వేశాను, సెంట్రల్ లైన్ పెట్టాను, తెల్లవారేసరికి రక్తపోటు నిలబెట్టాను. నోటు వివరంగానే రాశాను. ఎంతసేపు చూశానో మాత్రం రాయలేదు. నోటు చదివి బిల్లు కోడ్ వేసే కోడింగ్ విభాగం దాన్ని మామూలు విజిట్ కింద లెక్క కట్టింది. ఆ తర్వాత నిమిషాలు రాయడం మొదలుపెట్టాను గానీ, గొట్టం వేసిన సమయాన్ని కూడా అందులోనే కలిపాను. దానికి విడిగా బిల్లు ఉంటుంది. ఆడిట్‌లో అది బయటపడి, ఇచ్చిన సొమ్మును ఇన్సూరెన్స్ సంస్థ వెనక్కి తీసుకుంది. అప్పటికి ఊళ్లో నా చదువు కోసం నాన్న చేసిన అప్పు తీరలేదు. అందుకే ఈ విషయంలో నాకింత పట్టుదల.

క్రిటికల్ కేర్ బిల్లుకు వేసే 99291 కోడ్‌కు కనీసం 30 నిమిషాలు కావాలి, 74 దాకా అదే. ఆపైన అదనపు సమయానికి 99292, మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ఉండే ప్రభుత్వ బీమా) అయితే దానికి 104 నిమిషాలు నిండాలి. ఏకధాటిగా ఉండనక్కరలేదు, ఆ రోజు సమయమంతా కలపవచ్చు. రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) ఒక్కరే గడిపిన సమయం, నువ్వు పాఠం చెప్పిన సమయం చెల్లవు. మిగతా నిబంధనలు ఈ బిల్లు కోడ్‌లుండే సీపీటీ పుస్తకంలో ఉంటాయి, చదువుకో.

రోగి ఐసీయూలో ఉన్నాడని రాస్తే చాలదు. ఏ అవయవం దెబ్బతింటోంది, ఇప్పుడే పట్టించుకోకపోతే ఏ ముప్పు ఉంది, నువ్వేం చేశావు అన్నది కనబడాలి. రోగి మాట్లాడలేని స్థితిలో ఉండి, చికిత్స ఎటు నడపాలో ఇంటివాళ్లను అడిగి తేల్చుకుంటే ఆ సమయం లెక్కకు వస్తుంది. ఓదార్చిన సమయం రాదు. ఓదార్చడం మానకు, బిల్లులో మాత్రం వేయకు.

చివర్లో ఒక వాక్యం తప్పనిసరి: విడిగా బిల్లు వేసే ప్రొసీజర్లు మినహా నేను స్వయంగా వెచ్చించిన సమయం ఇన్ని నిమిషాలు అని. కొత్తవాళ్లు చాలామంది ప్రతి రోగికీ 35 నిమిషాలు అని అతికించేస్తారు. ఆ పని చేయవద్దు. అందరి నిమిషాలూ కూడితే నీ డ్యూటీ గంటలను మించిపోయిన రోజున సంజాయిషీ చెప్పుకోలేవు.

జీతంలో కొంత ఆర్‌వీయూల (చేసిన పనికి కట్టే పాయింట్ల) లెక్కన వస్తుందని అంటున్నావు కాబట్టి, ఇన్సూరెన్స్ వెనక్కి తీసుకున్న సొమ్మును నీ బోనస్‌లో కోస్తారా అన్నది సంతకం పెట్టకముందే అడుగు. జవాబు ఒప్పందంలోనే రాయించుకో.