ఫిలాసఫీ అన్నం పెడుతుందా అని అడిగిన ఒక తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో బీఏ ఎల్‌ఎల్‌బీ నాలుగో సంవత్సరం చదువుతోంది. తోటివాళ్లంతా పెద్ద లా ఫర్మ్‌లలో ఉద్యోగాల కోసం ప్రయత్నిస్తుంటే, తాను మాత్రం అంతర్జాతీయ న్యాయం, న్యాయ తత్వశాస్త్రం చదివి పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. విదేశంలో ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేస్తే ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుందని ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారు. గుంటూరు శివారులోని 240 గజాల స్థలం తాకట్టు పెట్టి 60 లక్షల రుణం తీసుకుందామనుకుంటున్నాను. నేను బ్యాంకు ఉద్యోగిని, రిటైర్మెంట్‌కు ఆరేళ్లుంది. సంబంధాలు చూసే వయసుకు అమ్మాయి చేతిలో జీతం లేకపోతే ఎలా? ఫిలాసఫీ చదివితే జీతం ఎంత వస్తుంది? ఫర్మ్ ఉద్యోగం, ఈ దారి రెండూ పోల్చి చెప్పండి. తను రాసిన వ్యాసం ఒకటి స్కాన్ చేసి జతపరిచాను. - ఒక తండ్రి, తెనాలి

సమాధానం: అయ్యా, మీరు పోలిక అడిగారు కానీ మీ ఉత్తరం నిండా ఉన్నది భయం. ఇన్నేళ్లు ఫీజులు కట్టి చదివించిన పిల్ల ఎవరికీ అర్థం కాని చదువులోకి వెళ్లి, ముప్పై ఏళ్లు వచ్చినా ఇంకా ఎవరో ఒకరి మీద ఆధారపడి ఉంటుందేమోనన్నది ఆ భయం. ఈ మాటనే రకరకాలుగా అడిగిన తల్లిదండ్రులను ఎందరినో చూశాను కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. ఐదేళ్ల న్యాయ పట్టా చేతికి వచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కితే, మీ అమ్మాయి ఏ వయసులోనైనా న్యాయవాదిగా నిలబడగలదు. పరిశోధన వైపు వెళ్లినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు. అందువల్ల తను రోడ్డున పడుతుందన్న బెంగను దయచేసి ఈ రోజే వదిలేయండి.

ఇక ఆ రుణం సంగతి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఎల్‌ఎల్‌ఎంకు ఫీజే 70,000 డాలర్లు దాటుతోంది, అద్దె, తిండి ఖర్చులు వేరు. మీరు అనుకుంటున్న 60 లక్షలు అక్కడ ఫీజుకు కూడా బొటాబొటిగానే సరిపోతాయి. ఆ మొత్తాన్ని 11 శాతం వడ్డీతో పదిహేనేళ్లలో తీర్చాలంటే వాయిదా నెలకు సుమారు 68 వేలు పడుతుంది. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడమని బ్యాంకులో పనిచేసే మీకు నేను చెప్పవలసి రావడం నాకు బాధగా ఉంది. వేరే ఎవరైనా ఇదే తాకట్టు కాగితంతో మీ టేబుల్ ముందుకు వస్తే మీరు నాలుగు ప్రశ్నలు అడగకుండా సంతకం పెట్టరు కదా! కన్సల్టెన్సీ వారిని ఆ నాలుగూ ఎందుకు అడగలేదు?

ఏడాది ఎల్‌ఎల్‌ఎం మీద నాకున్న అనుమానాలు చిన్నవి కావు. ఆ కోర్సు ప్రధానంగా ఇప్పటికే వృత్తిలో ఉన్న న్యాయవాదులకు పనికొస్తుంది. పండితురాలు కావాలనుకునే విద్యార్థికి కావలసింది ఒక ప్రశ్నను పట్టుకుని కొన్నేళ్లు దానితోనే కూర్చునే అవకాశం, తన రాతలను కనికరం లేకుండా దిద్దే ఒక గురువు. సెప్టెంబరులో చేరి మేలో పట్టా తీసుకునే కోర్సులో ఆ రెండూ దొరకడం అరుదు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం మాటకొస్తే, దాని సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో నెలల తరబడి ఉండే ఖర్చు మళ్లీ మీ నెత్తినే పడుతుంది. యువ నిపుణుల కోసం పెట్టే పరీక్షకు, సిబ్బందిలో తగినంత ప్రాతినిధ్యం లేని దేశాలవారినే పిలుస్తారు, ఏ ఏడాది ఆ జాబితాలో మన దేశం ఉందో లేదో చూసుకోవాలి. ఇవేవీ చెప్పకుండా ఉద్యోగం ఖాయమన్నట్టు మాట్లాడేవారిని నమ్మి స్థలం కాగితాలు బయటికి తీయకండి.

ఇంతకీ ఫిలాసఫీ ఎందుకంటారా? ఆజ్ఞాపించే రాజు, శిక్షించే పోలీసు లేని చోట చట్టం అనేది ఉంటుందా అన్నది అంతర్జాతీయ న్యాయంలో మొదటి ప్రశ్న. ఇంగ్లండ్ న్యాయ తత్వవేత్త జాన్ ఆస్టిన్ 1832లో అది చట్టం కాదు, ఒక రకమైన నైతికత మాత్రమే అన్నాడు. 1961లో మరో న్యాయ తత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ తన ప్రసిద్ధ గ్రంథం 'ద కాన్సెప్ట్ ఆఫ్ లా'లో చివరి అధ్యాయాన్ని ఈ ప్రశ్నకే కేటాయించి, ఆస్టిన్ చెప్పినంత తేలికగా దాన్ని కొట్టిపారేయలేమని వాదించాడు. ఇదంతా పుస్తకాల గొడవ అనిపించవచ్చు కానీ మనుషుల ప్రాణాలు దీని మీద ఆధారపడిన సందర్భం ఒకటి చెబుతాను. రాధాబినోద్ పాల్ అలహాబాద్‌లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో గుమస్తాగా పనిచేశారు, తర్వాత కాలేజీలో లెక్కలు చెప్పారు, ఆపైన న్యాయశాస్త్రంలోకి వచ్చి, మనువుకు పూర్వపు హిందూ న్యాయతత్వం మీద పరిశోధన చేశారు. అప్పట్లో కలకత్తాలో ఆయన బంధువులు కూడా ఆ చదువు ఎందుకని అడిగే ఉంటారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద టోక్యోలో విచారణ జరిగినప్పుడు న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. చేసిన నాటికి నేరం కాని పనిని తర్వాత నేరమని ప్రకటించి శిక్షించవచ్చా, గెలిచినవాడు ఓడినవాడికి తీర్పు చెప్పవచ్చా అని అడుగుతూ వెయ్యి పేజీలకు పైబడిన అసమ్మతి తీర్పు రాశారు. ఆ తీర్పుతో ఏకీభవించనివారు ఎందరో ఉన్నారు, అయినా దాన్ని పక్కన పెట్టి ఆ విచారణ గురించి నేటికీ ఎవరూ మాట్లాడలేరు.

మనవాళ్లూ ఈ రంగంలో ఉన్నారని మీకు తెలియాలి. పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు 1996 నుంచి 2017 దాకా హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో న్యాయమూర్తి, 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షులు కూడా. విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా ఉన్న పెమ్మరాజు శ్రీనివాసరావు గారు ఐక్యరాజ్యసమితి వారి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో 1987 నుంచి 2006 వరకు సభ్యులు. వీరి పేర్లు చెప్పి మీ అమ్మాయీ అక్కడికి చేరుతుందని ఆశ పెట్టడం లేదు. ఆ ఎత్తుకు చేరేది నూటికో కోటికో ఒకరు.

ఈ దారిలో మామూలుగా జరిగేది ఇది. ఇక్కడే ఏడాది ఎల్‌ఎల్‌ఎం, నెట్ (అధ్యాపక ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్ష), ఆ తర్వాత నాలుగైదేళ్ల పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో మొదలవుతుంది. ఢిల్లీలో జేఎన్‌యూ, సౌత్ ఏషియన్ యూనివర్సిటీలలో అంతర్జాతీయ న్యాయానికి మంచి బోధన ఉంది. విదేశమే కావాలంటే నెదర్లాండ్స్, జర్మనీ, నార్వే వంటి దేశాల్లో చాలాచోట్ల పీహెచ్‌డీ విద్యార్థికి ఉద్యోగిలా జీతం ఇస్తారు. ఆక్స్‌ఫర్డ్‌కు రోడ్స్, ఫెలిక్స్ వంటి స్కాలర్‌షిప్‌లున్నాయి. స్కాలర్‌షిప్ వస్తే వెళ్లాలి, రాకపోతే ఇక్కడ చేరి మళ్లీ ప్రయత్నించాలి. కష్టాలు కూడా దాచను. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కావడం లేదు, చాలామంది కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నారు, స్థిరమైన ఉద్యోగం చేతికొచ్చేసరికి ముప్పై దాటవచ్చు. ఫర్మ్‌లో చేరినవాళ్లు మొదటి ఏడాదే మీ అమ్మాయి కన్నా ఎన్నో రెట్లు సంపాదిస్తారు, రాత్రి పదకొండింటికి కూడా ఆఫీసులోనే ఉంటారు. పోలిక ఇంతకు మించి చేయను, ఎందుకంటే తను అడిగింది ఆ ఉద్యోగం కాదు.

మీరు పంపిన వ్యాసం పూర్తిగా చదివాను. దేశాల మధ్య ఒక ఆచారం చట్టంగా రూపుదిద్దుకుంటున్నప్పుడు మొదటి నుంచీ ఒప్పుకోనని చెబుతూ వచ్చిన దేశానికి అది వర్తిస్తుందా అన్నది విషయం. బ్రిటన్, నార్వేల చేపల వేట వివాదంలో అంతర్జాతీయ న్యాయస్థానం 1951లో ఇచ్చిన తీర్పును తీసుకుంది. మూడో పేజీలో ఒక పేరా మొత్తాన్ని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన చిన్న అక్షరాలతో ఇలా రాసుకుంది: "ఇది గెలవాలని రాశాను, నమ్మి కాదు." స్కాన్ చేసేటప్పుడు ఆ మాట మీ కంటపడలేదు. మూట్ కోర్టుల్లో (విద్యార్థుల నమూనా వాదనల పోటీల్లో) గెలవడం అలవాటైన వయసులో అలా కొట్టేయగలిగిన పిల్లలను నేను చాలా తక్కువమందిని చూశాను. మీ ఉత్తరంలో జీతం అనే మాట రెండుసార్లు వచ్చింది, ఆ చదువులో అమ్మాయికి ఏది నచ్చిందో ఒక్క వాక్యం లేదు. ఇది మీ మీద కోపంతో అంటున్న మాట కాదు, కానీ అనక తప్పదు. పెళ్లి సంబంధాల ప్రస్తావన ఇప్పుడు తనముందు తేవద్దు, అది తన దరఖాస్తుల మీద భారం అవుతుంది.

ఇప్పుడు చేయవలసింది ఒకటుంది. ఆ వ్యాసాన్ని తన జూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ తత్వశాస్త్రం) అధ్యాపకులకు ఇచ్చి, సరిదిద్ది పత్రికకు పంపమనండి, ఎందుకంటే పీహెచ్‌డీ సీటు ఇచ్చేవారు మార్కుల తర్వాత చూసేది ఇలాంటి రాతనే. రోడ్స్ దరఖాస్తు గడువు వానాకాలంలోనే ముగుస్తుంది కనుక సిఫారసు లేఖలు అడగడం వేసవిలోనే మొదలుపెట్టాలి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నార్వే జాలర్ల కథ ఏమిటని మీరే అడగండి. తను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి, అర్థం కానిచోట మళ్లీ అడగండి.