హాల్లో నిలబెట్టాలా, నీళ్లలో వదలాలా?

ప్రశ్న: నాకు సొంత ఎంటర్‌ప్రైజ్ పడవ (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) ఉంది, పాతదే, హుస్సేన్‌సాగర్‌లో నడుపుతుంటాను. రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి దాని నమూనా చెక్కతో పెద్దగా చేద్దామని కోరిక. డ్రాయింగులు లేవు. నమూనాలకి వాడే తేలికైన బాల్సా చెక్క ఖరీదు ఎక్కువ అంటున్నారు. చేస్తే నీళ్లలో వదలాల్సిందేనని మా మనవడి పట్టు. ఏ సైజులో చేస్తే బాగుంటుంది?
- ఓ పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: సైజు సంగతి తేలికండీ. అసలు పడవ పొడవు 4.04 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు. నాలుగో వంతుకి చేస్తే నమూనా మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. ఇంతకంటే చిన్నది చేస్తే కప్పీలు, తాళ్లు పట్టుకోవడానికి వేళ్లు చాలవు, ఇంకా పెద్దది చేస్తే అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. మాస్టు, అదే తెరచాప కొయ్య, మాత్రం అడుగున ఊడదీసేలా పెట్టుకోండి, లేకపోతే హాల్లో ఫ్యానుకి తగులుతుంది.

డ్రాయింగులు లేవని బెంగ వద్దు, పడవే మీ దగ్గర ఉందిగా. దీని హల్లు, అంటే పడవ ఒళ్లు, డబుల్ చైన్ (chine, గొలుసు కాదు, మలుపు) రకం, అంటే అడుగు గుండ్రంగా ఉండదు, ఒక్కో పక్క మూడు పలకలు కోణాల్లో కలుస్తాయి. అడ్డంగా ఎక్కడ కోసి చూసినా ఒక్కో పక్క నాలుగే నాలుగు బిందువులు: అడుగు మధ్య గీత, రెండు మలుపులు, పై అంచు. ఈ నాలుగూ దొరికితే మధ్యలో దాదాపు తిన్నటి గీతలే. పడవని స్టాండ్ల మీద బోర్లించి, రసమట్టంతో సరిచూసి, ముక్కు నుంచి వెనక పలక దాకా నడిమధ్యన దారం లాగి కట్టండి. 40 సెంటీమీటర్లకోసారి చాక్‌పీస్‌తో గుర్తు. ప్రతి గుర్తు దగ్గరా అడ్డంగా ఓ తిన్నటి పట్టీ పెట్టి, తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు దాని నుంచి వేలాడదీసి ఆ నాలుగు బిందువులూ ఎంత పక్కకి, ఎంత కిందకి ఉన్నాయో రాసుకోండి. గళ్ల కాగితం మీద నాలుగుతో భాగించి వేస్తే పది సెంటీమీటర్లకో ఫ్రేము తయారు. రెండు పక్కలూ కొలవండి, పాత పడవల్లో కుడి ఎడమలు ఒకేలా ఉండాలని లేదు. తేడా వస్తే ఏం చేయాలి అంటారా, నేనైతే ఫ్రేములకి సగటు తీసుకోమంటాను కానీ, పైన అతుకు వేసిన చోటు, మార్చిన చుక్కాని పిడి, వెలిసిన రంగు, తెరచాప మీది నంబరు ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టమంటాను. చేసేది మీ పడవ కదా, కేటలాగులో బొమ్మ కాదు.

బాల్సా అక్కర్లేదు. ఇంగ్లాండ్ పడవల డిజైనర్ జాక్ హోల్ట్ 1956లో ఈ పడవని గీసిందే ఇంట్లో ప్లైవుడ్‌తో చేసుకోవడానికి వీలుగా, కాబట్టి మీరూ ప్లైవుడ్‌తో చేస్తేనే న్యాయం. ఫ్రేములకి నాలుగు మిల్లీమీటర్లది, పై తొడుగుకి ఒకటిన్నర మిల్లీమీటర్ల ఏరో ప్లై (నమూనాలకి వాడే పల్చటి ప్లైవుడ్). పొడుగు పట్టీలకి టింబర్ డిపోలో మిగిలిన టేకు ముక్కలు అడిగి సన్నగా కోయించుకోండి. ముక్కు దగ్గర దిమ్మకి నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర దొరికితే మరీ మంచిది, ఉలికి మెత్తగా లొంగుతుంది. కాకపోతే నీళ్లు పీలుస్తుంది, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) పూత పూయకుండా వదలొద్దు. ఇత్తడి స్క్రూలకీ చిన్న సామానుకీ రాణిగంజ్ ఉండనే ఉంది. మామూలు తెల్ల ఫెవికాల్ నీళ్లకి ఆగదు, ఎపాక్సీయే వాడండి, అదీ మే నెలలో అయితే తెల్లవారుజామున కొంచెం కొంచెం కలుపుకుంటూ. మధ్యాహ్నం ఎండలో గిన్నెడు కలిపితే బ్రష్ ముంచేలోపే గిన్నెలో గట్టిపడుతుంది. వార్నిష్ ముసురు రోజుల్లో వేయకండి, తెల్లగా పాలిపోతుంది.

ఇక మీ మనవడి సంగతి. అచ్చంగా కొలతల ప్రకారం చేసిన పడవ నీళ్లలో నిలబడదు, ఇది చాలామంది నమ్మరు కానీ లెక్క చూడండి. నాలుగో వంతుకి తగ్గిస్తే తెరచాప వైశాల్యం 16 రెట్లు తగ్గుతుంది, ఎత్తు నాలుగు రెట్లు, అంటే గాలి పడదోసే బలం 64 రెట్లు తగ్గింది. పడవని తిరిగి నిలబెట్టేదేమో బరువు, అది 64 రెట్లు తగ్గి, పైగా వెడల్పు నాలుగు రెట్లు తగ్గి, మొత్తం 256 రెట్లు తగ్గింది. గాలి మాత్రం తగ్గదు కదా! పైగా అసలు పడవలో గాలి పెరగ్గానే ఇద్దరూ అంచు మీద కూర్చుని వెనక్కి వాలి బ్యాలెన్స్ చేస్తారు, బొమ్మలో ఆ పని ఎవరు చేస్తారు?

అందుకని సెంటర్‌బోర్డు (పడవ మధ్య నుంచి నీళ్లలోకి దించే పలక) దిగే గాడిని కొంచెం బలంగా కట్టి, దానికి రెండు బోర్డులు చేయండి. ఒకటి అసలు కొలతది, హాల్లో చూపించుకోవడానికి. రెండోది దానికంటే బాగా లోతుగా దిగే కీల్ (keel), అంటే చివర సీసం బరువున్న పలక. మీ పడవ, సామాను, ఇద్దరు మనుషులు కలిపి 260 కిలోలనుకుంటే, 64తో భాగిస్తే నమూనా మొత్తం నాలుగు కిలోల దాకా ఉండొచ్చు. ఖాళీ హల్లు 94 కిలోలు, నమూనాలో అది కిలోన్నర. మాస్టు, మోటార్లు, బ్యాటరీ పోను కిలోన్నర నుంచి రెండు కిలోల సీసం పెట్టుకోవడానికి జాగా ఉంటుంది. సీసం ఇంట్లో కరిగించే పని పెట్టుకోకండి, ఆ పొగ పిల్లలున్న ఇంట్లో అసలు పనికిరాదు. గాలాలకి కట్టే సీసపు గుండ్లు కొని ఎపాక్సీలో పోసి గట్టిపడనివ్వండి. రిమోట్‌కి చుక్కానికొక మోటారు, తెరచాప తాళ్లకొక మోటారు చాలు.

మొదటిసారే సాగర్‌లో వదలొద్దు, లోతు కీల్ గుర్రపు డెక్కకి చిక్కితే మీరే ఈదాలి. ఏదైనా ఈతకొలనులో అడిగి ఒకసారి ఒరగనిచ్చి చూసుకోండి. సాగర్‌లో వదిలేటప్పుడు మీరు పడవ నడిపే చోట చెప్పే చేయండి, పందేలు జరిగే జూలైలో అయితే మరీను.

ప్రశ్న: నా నమూనా పడవకి తెరచాపలు టైలర్ దగ్గర కుట్టించాను. ముడతలు పడి సంచుల్లా వేలాడుతున్నాయి. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: టైలర్ తప్పేం లేదమ్మా, గుడ్డే మందంగా ఉండుంటుంది. కాటన్ హాల్లో షోకి బాగుంటుంది, నీళ్లకి పనికిరాదు. గాలిపటాలకి వాడే పల్చటి రిప్‌స్టాప్ నైలాన్ తీసుకోండి, దొరక్కపోతే పాత గొడుగు గుడ్డ. కత్తెరతో కోస్తే అంచు దారాలు లేస్తుంది, సోల్డరింగ్ ఐరన్‌ని స్టీలు స్కేలు వెంట లాగండి, అంచు కరిగి మూసుకుపోతుంది. ముక్కల్ని ముందు సన్నటి డబుల్ సైడ్ టేపుతో అతికించి, ఆ తర్వాతే మిషన్ ఎక్కించండి, అప్పుడు గుడ్డ జారదు. ఇంకో మాట, ముందు అంచు తిన్నగా కోయకండి, మధ్యలో కాస్త ఉబ్బుగా బయటికి కోస్తే మాస్టుకి కట్టాక ఆ ఉబ్బే తెరచాపకి కడుపు ఇస్తుంది.