మా వాడు పిచర్ అవుతాడంటున్నారు, చదువు తగ్గించమంటారా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది, కుదించి చెప్తున్నాను. అబ్బాయికి 15 ఏళ్లు. బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. స్కూల్ టీముకు ఆడతాడు, వీకెండ్స్‌లో ఫీజు కట్టి ట్రావెల్ టీముకూ ఆడతాడు. వయసుకు మించిన స్పీడ్ ఉందని, ఇలాగే కష్టపడితే డ్రాఫ్ట్ (పెద్ద టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఏర్పాటు) దాకా వెళ్తాడని కోచ్ అన్నాడట. రెండు నెలల నుంచి ఆదివారం రాత్రి మోచేతికి ఐస్ పెట్టుకుంటున్నాడు. మ్యాథ్స్‌లో గ్రేడ్ జారింది. వాళ్లావిడ ఆట మాన్పించేద్దామంటున్నారు. ఈయనకేమో రెండేళ్లు చదువు పక్కన పెట్టయినా ఆట మీదే ఉంచాలని ఉంది. "రిస్క్ తీసుకోకపోతే ఏదీ రాదు కదా సార్" అని ముగించారు.

ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పోయిన వారం స్కూల్ మ్యాచ్‌లో మీ వాడు ఎన్ని బంతులు వేశాడు, శనివారం ట్రావెల్ టీముకు ఎన్ని వేశాడు? మీ ఉత్తరంలో బంతి స్పీడ్ ఉంది, కోచ్ ఫీజు ఉంది, ఈ లెక్క మాత్రం లేదు. కోట్ల డాలర్లు పెట్టే టీములు ముందు రాసుకునేది ఈ లెక్కే.

మేజర్ లీగ్ (అమెరికాలో బేస్‌బాల్‌కి అన్నిటికంటే పై లీగ్) టీము వాషింగ్టన్ నేషనల్స్ సంగతి చూడండి. 2009 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే పిచర్‌ని తీసుకున్నారు. మరుసటి ఏడాదే మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టే కట్టు) దెబ్బతిని టామీ జాన్ సర్జరీ అయింది, అంటే ఒంట్లో ఇంకోచోటి టెండన్ (కండను ఎముకకు కట్టే తాడులాంటిది) తెచ్చి మోచేతిలో వేస్తారు, మళ్లీ మ్యాచ్‌లో దిగడానికి ఏడాది పైనే పడుతుంది. 2012 సీజన్‌లో ఆ టీము 98 మ్యాచ్‌లు గెలిచి తన గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది, అయినా సరిగ్గా ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌లు) ముందు, సెప్టెంబర్‌లో, 159 ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటయ్యేదాకా ఒక ఇన్నింగ్స్) వేశాడు ఈ ఏడాదికి ఇక చాలు అని అతన్ని కూర్చోబెట్టేశారు. నానా మాటలూ పడ్డారు, ఆ ప్లేఆఫ్స్‌లో మొదటి సిరీస్‌లోనే ఓడిపోయారు కూడా. 2019లో అదే టీము వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ సిరీస్, గెలిస్తే అందులో ఎంవీపీ (అందరికంటే విలువైన ఆటగాడు) అతనే. ఆ ఊపులో 7 ఏళ్లకు 24.5 కోట్ల డాలర్లకు సంతకం చేయించుకున్నారు. ఆ తర్వాత అతను ఆడగలిగింది మొత్తం 8 మ్యాచ్‌లు.

అంత కాపలా కాసిన చెయ్యే అలా అయింది. టీముకు దెబ్బే, కాదనను, కానీ టీము మూతపడలేదు. ఒక పిచర్ పోతే వాళ్లకు ఇంకో డజను మంది ఉంటారు, కింది లీగుల్లో ఇంకెంతోమంది ఎదురుచూస్తుంటారు. పైగా ఇన్సూరెన్స్. దేశాల మధ్య జరిగే 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో న్యూయార్క్ మెట్స్ టీము పిచర్ ఎడ్విన్ డియాజ్ గెలిచిన సంబరంలో గెంతుతూ మోకాలు దెబ్బ తీసుకున్నాడు, ఆ సీజనంతా పోయింది, అతని జీతం మాత్రం టోర్నమెంట్ ఇన్సూరెన్స్ కట్టింది. మీరు తీసుకుంటానంటున్న రిస్క్‌కు అలాంటి పాలసీ ఏమీ లేదండీ.

ఇక డ్రాఫ్ట్ గురించి. ఎంపికైతే చాలు, డబ్బు చేతికొచ్చినట్టే అనుకుంటారు చాలామంది. 2014లో బ్రేడీ ఏకెన్ అనే హైస్కూల్ పిచర్‌ని హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొట్టమొదట తీసుకుంది, 65 లక్షల డాలర్లకు మాట అయింది. మెడికల్ పరీక్షలో మోచేతి లిగమెంట్ అనుమానంగా కనపడేసరికి రేటు తగ్గించారు, బేరం చెడింది. మరుసటి మార్చిలో ఆ కుర్రాడికి టామీ జాన్ సర్జరీ అయింది. తర్వాత వేరే టీము తీసుకుంది కానీ మేజర్ లీగ్ గడప తొక్కలేదు. ఆస్ట్రోస్‌కు మాత్రం పరిహారంగా 2015 డ్రాఫ్ట్‌లో రెండో పిక్, అంటే ఎంచుకునే రెండో వంతు, వచ్చింది, దాంతో అలెక్స్ బ్రెగ్మన్‌ని తెచ్చుకున్నారు.

పిచర్ కుమార్ రాకర్ పేరు మీ ఇంట్లో వినే ఉంటారు. వాళ్లమ్మ తరఫువాళ్లు ఇండియా నుంచి వెళ్లినవాళ్లే కాబట్టి ఆ పేరు చూస్తే మనవాళ్లకు అదో ముచ్చట. 2018లో హైస్కూల్ అవగానే అతన్ని డ్రాఫ్ట్ 38వ రౌండ్‌లో పిలిచారు. వెళ్లలేదు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని 60 లక్షల డాలర్లకు మాట ఇచ్చి, మెడికల్ రిపోర్టులు చూశాక వెనక్కి తగ్గింది. భుజానికి సర్జరీ చేయించుకుని, చిన్న లీగ్‌లో ఆడి, 2022లో మీ డాలస్ వైపు టీము టెక్సస్ రేంజర్స్‌కు మూడో పిక్ అయ్యాడు. 2023లో మళ్లీ సర్జరీ, ఈసారి మోచేతికి. 2024 సెప్టెంబర్‌లో గానీ మేజర్ లీగ్‌లో దిగలేదు. అతను నిలబడ్డాడు, సంతోషం. అందరూ నిలబడరు.

అందుకే చదువు పక్కన పెట్టించడానికి నేను ఒప్పుకోను, అలాగని ఆట మాన్పించమనీ చెప్పను. ఈ విషయంలో మీ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ నియమాల ప్రకారం 15-16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు దాటకూడదు, 75 దాటితే నాలుగు రోజులు రెస్ట్, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు మ్యాచ్‌ల్లో పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలైతే వరసగా బంతి విసరడమే ఉండకూడదు. స్కూల్ కోచ్ తన మ్యాచ్ లెక్కే చూస్తాడు, ట్రావెల్ కోచ్ తనది చూస్తాడు. రెండూ కూడాల్సింది మీరు. ఒక నోట్‌బుక్ పెట్టండి, మీ వాడిచేతే రాయించండి. పిచింగ్ లేని రోజు క్యాచర్‌గా (బ్యాటర్ వెనక నిలబడి బంతి పట్టేవాడిగా) నిలబెడుతుంటే అది రెస్ట్ కాదు, అక్కడా బంతి విసరాల్సిందే, గట్టిగా వద్దనండి. సర్జరీ చేయించుకుంటే స్పీడ్ పెరుగుతుందట అని ఎవరైనా చెప్తే నమ్మకండి, అది పార్కింగ్ లాట్ కబురు.

కాలేజీ స్కాలర్‌షిప్ మీద మరీ ఆశ పెట్టుకోకండి. 2024-25 వరకు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బేస్‌బాల్ టీముకు ఇవ్వగలిగింది మొత్తం 11.7 స్కాలర్‌షిప్‌లు, దాన్నే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు కొన్ని కాలేజీలకు రూల్స్ మారాయి, అయినా పూర్తి ఫీజు ఆటే కడుతుందని లెక్క వేసుకోకూడదు. గ్రేడ్లు బాగుంటే చదువు మీద వచ్చే సాయం వేరే ఉంటుంది. కాబట్టి మ్యాథ్స్ ట్యూషన్ ఈ నెలలోనే మొదలుపెట్టండి.

అంతకంటే ముందు, ఈ వారమే స్పోర్ట్స్ ఆర్థోపెడిక్ డాక్టర్‌కి మోచేయి చూపించండి. అప్పటిదాకా ఒక్క బంతి కూడా వద్దు, శనివారం టోర్నమెంట్ ఉన్నా సరే. కోచ్‌కి ఫోన్ మీరే చేయండి, ఆ మాట పిల్లాడి చేత చెప్పించకండి. డాక్టర్ ఏమన్నారో రాయండి, అప్పుడు కాలేజీల సంగతి చూద్దాం.