పెరటి దోస: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమ్మమ్మ వాళ్ళూరి నాటు దోస గింజలు వేశాను. పక్కనే ఖర్బూజా పాదు ఉంది. రెండూ కలిసి కాయ రుచి చెడుతుందంటున్నారు. నిజమేనా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ ఏడు కాసే కాయకు ఏమీ కాదండీ. మనం తినే గుజ్జు తల్లి పాదుదే, పుప్పొడి ఎక్కణ్ణుంచి వచ్చినా రుచి మారదు. తేడా గింజలోకి పోతుంది. ఆ గింజ మళ్ళీ వేసినప్పుడు బయటపడుతుంది. దోస, ఖర్బూజా, నక్కదోస ఒకే జాతివి కాబట్టి తేనెటీగలు వాటిని ఇట్టే కలిపేస్తాయి. కీరా, పుచ్చ వేరే జాతులు, వాటితో భయం లేదు.

అమ్మమ్మగారి రకం పోకూడదంటే విత్తనపు కాయకు మీరే పుప్పొడి అద్దాలి. మర్నాడు విచ్చబోయే మొగ్గల కొసన సాయంత్రానికే పసుపు కనిపిస్తుంది. కింద చిన్న పిందె ఉన్నది ఆడ మొగ్గ, లేనిది మగది. రెండింటి కొసలకూ దారం చుట్టండి. పొద్దున 9 లోపు మగ పువ్వు తెంపి, రేకలు తీసేసి, ఆడ పువ్వు నడిమి భాగానికి మెత్తగా రాయండి. మగ పువ్వు అదే రకం వేరే పాదుదైతే మరీ మంచిది. ఆడ పువ్వును మళ్ళీ మూసి కట్టి, కాడకు గుర్తుగా రంగు దారం వేయండి. తీగకు అప్పటికే కాయలుంటే కొత్త పిందె పసుపెక్కి రాలిపోతుంది. అందుకే ముందువి కోసేశాక ఈ పని పెట్టుకోండి.

కాయ పూర్తిగా పండాక గింజల్ని గుజ్జుతోపాటు ఒకటి రెండు రోజులు పులియనిచ్చి కడగండి. తేలినవి పారేసి, మునిగినవి నీడలో వారం ఆరబెట్టండి. వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. అప్పుడే సీసాలో పోయాలి.

ప్రశ్న: పిందెలు వంకరపోయి కుళ్ళుతున్నాయి. మామిడికి కట్టే ఎర కట్టినా ఈగ ఆగలేదు.
– పాఠకుడు, నల్గొండ

జవాబు: మామిడికి కట్టేది మిథైల్ యూజినాల్. దోసను కుట్టే పండు ఈగ దానికి రాదు. క్యూల్యూర్ ఎర అడిగి తీసుకోండి. అదీ మగ ఈగల్నే పడుతుంది, గుడ్లు పెట్టేది ఆడది. కాబట్టి పువ్వు వాడి పిందె నిలిచిందని తెలియగానే పల్చటి గుడ్డ సంచి తొడగండి. కుళ్ళినవి పాదులో వదలొద్దు, కంపోస్టులోనూ వేయొద్దు. పురుగు కాయలోంచి మట్టిలోకి దిగి అక్కడే ఈగగా మారుతుంది. వాటిని ప్లాస్టిక్ సంచిలో బిగించి కొన్నాళ్ళు ఎండలో పడేయండి.

ప్రశ్న: ఖర్బూజాకు అన్నీ మగ పూలే. ఏం చేయాలి?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మొదట్లో మగ పూలే వస్తాయి. ఆడ పూలు ఎక్కువగా పక్క కొమ్మల మీద పూస్తాయి. నడితీగ 4, 5 ఆకులు వేయగానే కొస తుంచేయండి. ఆకు ముదురు పచ్చగా, తీగ బలిసి ఉంటే యూరియా, పచ్చి పేడ ఆపేయండి.