వూఫరుకు సొంత ఆంప్లిఫయరు ఉన్నప్పుడు ఎన్ని వాట్లు కావాలి?

ప్రశ్న: మా స్పీకర్లలో వూఫర్లకు (మంద్రస్వరాలు పలికే పెద్ద యూనిట్లకు) లోపలే ఆంప్లిఫయర్లు ఉన్నాయి, రెండింటికీ విడిగా కరెంటు ఇవ్వాలి. ప్రస్తుతం 30 వాట్ల స్టీరియో ఆంప్లిఫయరుతో వాడుతున్నాను. అది చాలదు, 200 వాట్లది తీసుకోమని దుకాణంవారు అంటున్నారు. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. మార్చాలా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అక్కరలేదు. ఆంప్లిఫయరు శక్తిని ఎక్కువగా మింగేవి మంద్రస్వరాలు. మీ స్పీకర్లలో ఆ భారాన్ని లోపలి ఆంప్లిఫయర్లే మోస్తాయి కనుక, మీ 30 వాట్లు గొంతునూ వీణనూ పలికించే పై యూనిట్లకే ఖర్చవుతాయి. స్పీకరు వైరు ద్వారానే వూఫరుకూ సంకేతం అందుతున్నా, అది చెప్పుకోదగ్గ శక్తిని లాగదు. స్పీకరు సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) 90 డెసిబెల్స్ అనుకుంటే, 1 వాటుకు మీటరు దూరంలో 90, 30 వాట్లకు దాదాపు 105 డెసిబెల్స్ వస్తాయి. 200 వాట్లకు వెళ్లినా అదనంగా దక్కేది 8 డెసిబెల్స్ మాత్రమే. మీ హాలుకు 105 కూడా ఎక్కువే. దుకాణంవారి సలహా మామూలు స్పీకర్లకైతే కొంత నప్పేది.

వాట్ల కంటే ముందు చూడవలసింది ఓములు, అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే నిరోధం. స్పీకరు వెనుక 4 ఓములని ఉంటే, మీ ఆంప్లిఫయరు 4 ఓములకు తగినదేనా అన్నది దాని పుస్తకంలో సరిచూసుకోండి.

తరువాత వూఫరు నాబ్ (మంద్రాన్ని పెంచి తగ్గించేది). సగం దగ్గర ఉంచి మృదంగ వాద్యం వినండి. ఎడమ మూత నాదం గదిలో ఎక్కడో విడిగా మోగుతున్నట్టున్నా, మగ గొంతు కుండలోంచి వస్తున్నట్టున్నా కొద్దికొద్దిగా తగ్గించండి. స్పీకరును గోడ మూల నుంచి ఒక అడుగు ముందుకు జరిపినా చాలాసార్లు ఇదే ఫలితం వస్తుంది, పైగా ఖర్చు లేదు. ఎప్పుడైనా ఏవీ రిసీవరుకు (టీవీ, సినిమా ధ్వనికి వాడే ఆంప్లిఫయరుకు) మారి స్పీకరు వైర్లు మాత్రమే కలిపితే, మెనూలో ఈ స్పీకర్లను ‘లార్జ్’గా పెట్టండి, ‘స్మాల్’ అంటే రిసీవరు మంద్రాన్ని ముందే కోసేస్తుంది, వూఫరుకు పని ఉండదు.

కరెంటు పోయినప్పుడు ఆంప్లిఫయరొక్కటే ఇన్వర్టరు మీద నడిస్తే పాట పలచగా వినిపిస్తుంది; అది లోపం కాదు.

ప్రశ్న: ఇలాంటి స్పీకర్లకే స్పీకరు వైరుతో పాటు విడిగా వూఫరు కేబుల్ కూడా కలిపితే ‘గుంయ్’మంటోంది. ఎందుకు?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కేబుల్ తీయగానే శబ్దం ఆగితే, అది గ్రౌండ్ లూప్ వల్ల, అంటే వేర్వేరు చోట్ల ఎర్తుకు కలిసిన పరికరాల మధ్య కేబుల్ ద్వారా కొద్దిపాటి కరెంటు చుట్టు తిరగడం వల్ల వచ్చేదే. అన్నింటినీ ఒకే స్విచ్ బోర్డు నుంచి నడిపి చూడండి. అప్పటికీ ఉంటే కేబుల్ మానేయండి, స్పీకరు వైరు సరిపోతుంది. ప్లగ్గులోని ఎర్తు పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయించవద్దు.