చెయ్యి వెయ్యకు, పేరు మార్చకు

నాయనా సుధీర్‌కి,

బలవంతపు దత్తతల వల్ల నలిగిపోయినవాళ్ల కోసం మీ మెల్‌బోర్న్ చర్చిలో స్వస్థత ఆరాధన పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి పిల్లాడు ఆ పనికి పూనుకున్నాడని గుండె నిండింది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. స్వస్థత కూడిక అనగానే మనవాళ్లకి తెలిసిన పద్ధతి ఒకటే: ముందుకు పిలవడం, తలమీద చెయ్యి పెట్టడం, నూనె రాయడం, మైకిచ్చి సాక్ష్యం చెప్పించడం. అక్కడ ఇవేవీ చెయ్యకు.

ఆస్ట్రేలియాలో 1950ల నుంచి 1970ల దాకా పెళ్లికాని తల్లుల ఒళ్లోంచి బిడ్డల్ని తీసేసుకున్న చోట్లలో చర్చీలు నడిపిన హోములూ ఆసుపత్రులూ ఉన్నాయి. బిడ్డ మొహం కనపడకుండా తల్లి కళ్లకి అడ్డంగా దుప్పటో దిండో పట్టుకునేవాళ్లు. మత్తుమందు మగతలో సంతకాలు పెట్టించుకునేవాళ్లు. అడగకుండా ఒంటిమీద పడిన చేతులు ఆ తల్లులకి ఇప్పటికే చాలు. నువ్వక్కడ వైద్యుడివి కావు, బాకీపడ్డ ఇంటి మనిషివి.

రోజు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: మే రెండో ఆదివారం వద్దు, అది వాళ్లకి మదర్స్ డే. క్రిస్మస్ నెలా వద్దు. శనివారం మధ్యాహ్నం, నలభై ఐదు నిమిషాలు మించకుండా పెట్టుకో. తల్లులకి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లుంటాయి కాబట్టి ర్యాంపు, పెద్దక్షరాల కాగితం, బాగా వినపడే మైకు చూసుకో. ఫొటోలు వద్దు, రిజిస్టరులో పేర్లు రాయించుకోవడం వద్దు. ఊయల, బొమ్మ, తెల్ల దుప్పటి కప్పిన బల్ల కంటపడకూడదు. తలుపు తెరిచే ఉంచు. మధ్యలో లేచి వెళ్లేవాళ్ల వెనక ఎవరూ పరుగెత్తొద్దు, బయట ఒక కౌన్సెలర్ కూర్చుని ఉంటే చాలు.

ఇక అసలు సంగతి మాటలు. 2013 మార్చి 21న కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో ప్రధాని జూలియా గిలార్డ్ ఈ బలవంతపు దత్తతలకి దేశం తరఫున క్షమాపణ చెప్పారు. విన్నవాళ్లు ఏడ్చారు, లేచి నిలబడ్డారు. ఆ తరవాత ప్రతిపక్ష నాయకుడు టోనీ ఆబట్ మాట్లాడారు. ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదు. కానీ 'బర్త్ పేరెంట్స్', అంటే కేవలం కన్నవాళ్లు, అన్నారు. అంతే, హాల్లోంచి కేకలు లేచాయి. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన రోజది, ఆ ఒక్క మాటకి పుండు మళ్లీ రేగింది. ఎందుకో నీకు తెలియాలి. ఆమెని 'బర్త్ మదర్' అంటే కని ఇచ్చేసి వెళ్లిపోయిన మనిషి అన్నట్టు వినపడుతుంది. ఆమె తల్లి, ముందు ఏ మాటా తగిలించకు. వదులుకుంది అనే అర్థమొచ్చే 'గివ్ అప్', 'రెలింక్విష్' కూడా అంతే. ఆమె వదులుకోలేదు, ఆమె దగ్గర్నుంచి తీసుకున్నారు. 'ఆ రోజుల్లో అలాగే ఉండేది' అన్న వాక్యం నీ నోట రానే కూడదు. క్షమాపణలో 'కానీ' అన్న మాట పడిందంటే ముందు చెప్పినదంతా పోయినట్టే.

అందుకే ఆరాధనలో చదివే మాటల కాగితం నువ్వొక్కడివే కూర్చుని రాయకు. మూడు నెలల ముందే ఇద్దరు ముగ్గురు తల్లుల్ని, దత్తతలో పెరిగిన ఒకరిద్దర్ని పిలిచి కూర్చోబెట్టు. దారి ఖర్చులు చర్చే ఇవ్వాలి. వాళ్లు వద్దన్న వాక్యం కొట్టెయ్యాలి, వాదించకూడదు. దత్తతలో పెరిగినవాళ్ల బాధ తల్లుల బాధలాంటిది కాదు. పెంచినవాళ్లని ప్రేమిస్తూనే కోపంతో ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లని ఎటో ఒకవైపు నిలబడమనకు. తండ్రుల్నీ మరిచిపోకు.

బైబిల్ వాక్యం ఎంచుకునేటప్పుడు జాగ్రత్త నాయనా. అందరికీ ముందు యెషయా 49:15 గుర్తొస్తుంది. తల్లి మరచినా దేవుడు మరవడని అక్కడుంది. ఒక్కరోజు కూడా మరవని తల్లి ముందు కూర్చుని అది వింటే ఎలా ఉంటుంది? పసిబిడ్డని తల్లి పెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున వదిలిన మోషే కథ, దేవుడు మనల్ని దత్తత తీసుకున్నాడనే దత్తపుత్రాత్మ ప్రసంగం కూడా వద్దు. యిర్మీయా 31:15 చదువు. రాహేలు పిల్లల కోసం ఏడుస్తుంది, ఓదార్పు వద్దంటుంది. అక్కడే ఆపెయ్. తరవాతి వచనంలో 'ఏడవకు' అని ఉంది, ఆ మాట వాళ్లకి చెప్పే హక్కు మనకి లేదు.

చర్చి చేసిన తప్పుల ఒప్పుకోలు పుల్పిట్ ఎక్కి చెప్పకు, దిగివచ్చి వాళ్లకి ఎదురుగా నిలబడి చెప్పు. చేసిన పనులు పేరుపెట్టి చెప్పు: సంతకాలు, మందులు, దిండు. తిరిగి వాళ్ల చేత 'క్షమించాం' అనిపించే ప్రార్థన పెట్టకు. కొవ్వొత్తులు ఎవరిది వాళ్లే వెలిగించుకుంటారు, ఇసుక తట్ట కుర్చీలో కూర్చున్నవాళ్లకి అందే ఎత్తులో పెట్టు. పేర్లు చదవాలంటే బిడ్డకి తల్లి పెట్టుకున్న పేరే చదవాలి, అదీ ఆమె రాసిస్తేనే.

నాకు నిద్రపట్టనిది ఆ సాయంత్రం గురించి. ఇంటికెళ్లాక ఒంటరిగా కూర్చునే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. కాగితం చివర ప్రభుత్వ సహాయ ఫోన్ నంబరు పెద్దగా వెయ్యి: 1800 21 03 13. చివరి ఆరంకెలూ ఆ క్షమాపణ తేదీయే, వాళ్లకి గుర్తుంటుంది. ఎవరితో వచ్చారో, ఎలా వెళతారో టీ ఇచ్చేటప్పుడే మెల్లగా కనుక్కో. తమ నంబరు నీకు ఇచ్చినవాళ్లకి మూడో రోజున నువ్వే ఫోన్ చెయ్యి, సంఘ కార్యదర్శితో చేయించకు.

నువ్వూ ఆ రోజు పొద్దున్నే ఏమైనా తిను, ఖాళీ కడుపుతో నిలబడితే నీకు కళ్లు తిరుగుతాయి. ఒప్పుకోలు రాశాక తల్లులకి చూపించి, ఆ తరవాత నాకూ పంపు. 'కానీ' ఎక్కడైనా దాక్కుందేమో వెతికి చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ