పెద్ద ఫోటోడయోడ్‌తో వేగం ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: దీపకాంతి ద్వారా డేటా పంపే లైఫై పద్ధతిలో, రిసీవర్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఫోటోడయోడ్‌నే (కాంతిని విద్యుత్తుగా మార్చే పరికరం) వాడతారని చదివాను. వెడల్పైనది పెడితే ఎక్కువ కాంతి అందుతుంది కదా, మరి వేగం తగ్గడమెందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: కాంతి ఎక్కువ అందుతుందన్న మీ మాట నిజమే. అయితే రివర్స్ బయాస్‌లో (వ్యతిరేక దిశలో వోల్టేజీ ఇచ్చిన స్థితిలో) ఉన్న ఫోటోడయోడ్ ఒక కెపాసిటర్ కూడా, అంటే విద్యుదావేశాన్ని నిల్వ చేసుకుంటుంది; వైశాల్యం పెరిగినకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఒకే ధార కింద చెంబు నిండినంత త్వరగా గంగాళం నిండదు. పెద్ద డయోడ్‌లో వోల్టేజీ మార్పు కూడా అలాగే ఆలస్యమవుతుంది. సిలికాన్ డయోడ్‌లో లేమి పొర (డిప్లీషన్ లేయర్, స్వేచ్ఛగా కదిలే ఆవేశాలు లేని భాగం) మందం 100 మైక్రోమీటర్లు అనుకుందాం. చదరపు సెంటీమీటరు వైశాల్యానికి కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫారడ్లు వస్తుంది. 50 ఓంల లోడుతో బ్యాండ్‌విడ్త్ (డయోడ్ స్పందించగల పౌనఃపున్యాల హద్దు) 30 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటరుకు తగ్గిస్తే ఈ హద్దు 3 గిగాహెర్ట్జ్‌కు చేరుతుంది. కానీ ఆ పొరను దాటడానికి ఎలక్ట్రాన్లకు దాదాపు ఒక నానోసెకను పడుతుంది కాబట్టి, నిజంగా దక్కేది కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లే. పొరను పలుచన చేస్తే ప్రయాణకాలం తగ్గుతుంది గాని, కెపాసిటెన్స్ మళ్లీ పెరుగుతుంది, పరారుణ కాంతి పూర్తిగా శోషణ కాకుండానే దాటిపోతుంది. డిజైనర్ నేర్పు అంతా ఈ మూడింటి మధ్య సరైన మందాన్ని ఎంచుకోవడంలోనే ఉంది.

చిన్న డయోడ్ ముందు లెన్స్ పెట్టవచ్చు కదా అని మీకు తోచవచ్చు. అయితే కాంతిని ఎంత సాంద్రం చేస్తే, రిసీవర్ చూడగల కోణం అంత ఇరుకవుతుంది. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజుతో 100 రెట్లు సాంద్రం చేయాలంటే, అక్షానికి ఇరువైపులా 9 డిగ్రీల లోపు వచ్చే కాంతే పనికొస్తుంది. చేతిలో కదిలే ఫోనుకు ఇది చాలదు.

ఈ చిక్కును దాటిన ఒక మార్గం నాకు ఎంతో నచ్చింది. ప్రతిదీప్తి రంగు కలిపిన ప్లాస్టిక్ ఫైబర్లు ఏ దిక్కు నుంచి వచ్చిన నీలికాంతినైనా పీల్చుకొని, ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిగా మార్చి వెలువరిస్తాయి. అందులో కొంత భాగం సంపూర్ణాంతర పరావర్తనంతో ఫైబరు చివర ఉన్న చిన్న డయోడ్‌కు చేరుతుంది. రంగు మారేటప్పుడు కొంత శక్తి నష్టమవుతుంది కనుకనే లెన్స్‌కున్న కోణం హద్దు దీనికి వర్తించదు. 2016లో ఫేస్‌బుక్ పరిశోధకులు ఈ పద్ధతిలో 126 చదరపు సెంటీమీటర్ల గ్రాహకంతో సెకనుకు 2.1 గిగాబిట్లు అందుకున్నారు. ఇక్కడ వేగానికి హద్దు పెట్టేది ఆ రంగు అణువులు కాంతిని తిరిగి వెలువరించడానికి తీసుకునే ఒకటి రెండు నానోసెకన్లే.

మీరు ప్రయోగం చేయదలిస్తే మామూలు తెల్లని ఎల్‌ఈడీలోని పసుపు ఫాస్ఫర్ (నీలికాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చే పూత) కొన్ని మెగాహెర్ట్జ్‌లకు మించి స్పందించదని గుర్తుంచుకోండి. డయోడ్ ముందు నీలికాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి కొలవండి.